‘బోలస్’కు ‘ముద్ద’ సరిపోవునా?

ఒక ఇంగ్లీషు శాస్త్రపదమునకు అన్నిచోట్లను ఒకే తెలుగు మాట ఉండవలెనని కొందరు పట్టుపట్టుదురు. ఆ నియమము ఎల్లెడల చెల్లదనుటకు ‘బోలస్’ మంచి నిదర్శనము.

దీనికి మూలమైన గ్రీకు మాటకు మట్టిబెడ్డ అని అర్థము. జీర్ణక్రియ విషయమున ఆ పోలిక చక్కగా అమరినది. పండ్లచే నమలబడి, లాలాజలముతో తడిసి, నాలుకచే గుండ్రముగా ఒత్తబడి, మ్రింగుటకు సిద్ధమైన ఆహారమే బోలస్. దీనిని ‘ముద్ద’ అనినచో పిల్లలకును బోధపడును. అయితే కంచములో కలిపి నోటికి అందించునదియు ముద్దయే గనుక, పాఠములలో ‘నమిలిన ముద్ద’ అని వ్రాయుట మేలు. పశువైద్యులు పశువులచే మ్రింగించు పెద్ద మాత్రకును బోలస్ అనియే పేరు. అచ్చటను రూపమే ప్రధానము.

సిరలోనికి ఎక్కించు మందు విషయమున మాత్రము ‘ముద్ద’ పనికిరాదు. చుక్కచుక్కగా చాలసేపు ఎక్కించుటకు బదులు, ఒక మోతాదును కొద్ది వ్యవధిలో ఇచ్చుటయే అచ్చట బోలస్. ఇందు ప్రధానమైనది రూపము కాదు, కాలము.

ఇది కేవలము మాటల తగవు కాదు. పొటాసియం క్లోరైడును బాగుగా పలుచన చేసి నెమ్మదిగా ఎక్కించినచో రక్తములోని పొటాసియం లోటు తీరును. గాఢద్రావణమును ఒక్కసారిగా ఎక్కించినచో గుండె ఆగిపోవచ్చును. మందు ఒకటే, ఇచ్చిన తీరు వేరు.

2011లో ప్రకటితమైన ఒక పరిశోధన ఇంకను ఆలోచింపజేయును. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్ర జ్వరముతో రక్తప్రసరణ క్షీణించిన 3,141 మంది పిల్లలను మూడు వర్గములుగా చేసిరి. బోలస్‌గా ద్రవమును పొందిన రెండు వర్గములలోను 48 గంటలలో సుమారు 10.5 శాతము, బోలస్ పొందని వర్గములో 7.3 శాతము మరణించిరి. మేలు చేయునని తలచినదే అచ్చట కీడు చేసినది.

ఇట్టి చోట ‘ఏకమోతాదు’ అనుటయు చాలదు. అది ఎన్నిమార్లు అనుదానిని చెప్పును గాని ఎంత వేగముగా అనుదానిని చెప్పదు. ‘శీఘ్రమోతాదు’ కొంత నయము. కాని ‘శీఘ్రము’ అనగా ఒకచోట కొన్ని క్షణములు, మరియొకచోట అరగంట. కావున ఏ పేరు పెట్టినను, దాని ప్రక్కన ఎంత మందు, ఎన్ని నిమిషములలో అను రెండు అంకెలు ఉండితీరవలెను. అనువాదకుడు విడిచిన అంకెను రోగి శరీరము విడువదు.