ఫాంటు మార్చిన తెలుగు మారునా?

పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురమున శ్రీసాధన పత్రికను స్థాపించిన కాలమున అచ్చుకూటములో అక్షరమనగా సీసపు ముక్క. కంపోజిటరు దానిని గడినుండి తీసి పేర్చెడివాడు. నేటి డి.టి.పి. కేంద్రములలో సీసము లేదు, ఫాంటు ఫైలు ఉన్నది. శుభలేఖలు మొదలు పాఠశాల సంచికల వరకు ఏండ్ల తరబడి పేజ్‌మేకరులో, అను ఫాంట్లతో తయారైనవి. ఆ అక్షరముల వంపులు నేటికిని కంటికి ఇంపుగనే యుండును. చిక్కు వేరొక చోట నున్నది.

కొత్త సాఫ్ట్‌వేరులో పాత ఫాంటు పనిచేయకున్నచో, దాని ఫైలును మరియొక రూపములోనికి మార్చిన చాలునని పలువురు నమ్ముదురు. ఇది సగము నిజము. అడోబీ వారి టైప్ 1 రూపమునకు ఆ సంస్థయే 2023 జనవరిలో మద్దతు మానివేసినది గనుక, అట్టి ఫాంట్లను మార్చక తప్పదు. ట్రూటైప్ వంపులు ద్విఘాతములు, టైప్ 1 వంపులు త్రిఘాతములు. ఏ ద్విఘాత వంపునైనను త్రిఘాతముగా లవలేశము తేడా లేకుండ వ్రాయవచ్చును. తిరుగుదారిలో మాత్రము సాధారణముగా ఉజ్జాయింపే గతి. 'ఠ'లోని గుండ్రదనము పిసరంత చెడునేమో గాని, అది చెప్పుకొనదగిన నష్టము కాదు.

అసలు నష్టము సంకేతములలో నున్నది. పాత ఫాంటులో గదులు 256కు మించవు. ఇంగ్లీషు అక్షరములకు, గుర్తులకు ఏర్పడిన ఆ గదులలో తలకట్టులను, గుడులను, ఒత్తులను ముక్కలుగా కూర్చుండబెట్టిరి. ఫైలు రూపము మారినను గదుల అమరిక మారదు. ఫ్లోరైడు నీటిని చెంబునుండి బిందెలో పోసిన మంచినీరగునా? ఊరి చరిత్ర వ్రాయబూనిన విద్యార్థి ఇట్టి పాత ఫైలులో 'కరువు' అని యూనికోడులో వెదకినచో ఒక్కటియు దొరకదు. అనంతపురము జిల్లాలో కరువు దొరకకపోవుటకు ఇంతకన్న వింత కారణముండదు! చూపులేనివారికి చదివి వినిపించు యంత్రము సైతము అచ్చట అర్థము లేని ఇంగ్లీషు అక్షరములనే పలుకును.

యూనికోడులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. 'క' స్థానము 3093. 'స్త్రీ' అను ఒక్క అక్షరములో ఆరు సంకేతములు గలవు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. ఒత్తు ఎచ్చట చేరవలెనో ఓపెన్‌టైప్ ఫాంటులోని పట్టికలు నిర్ణయించును. పాత ఫాంటులో ఆ పట్టికలే లేవు, రూపము మార్చు సాధనము వానిని పుట్టింపజాలదు. కావున పాఠ్యమును వేరుగా యూనికోడునకు మార్చి, ఫాంటును వేరుగా ఎన్నుకొనవలెను.

ఎన్నికకు కొదువ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'వేమన' ఫాంటులో గీత అంతట ఇంచుమించు ఒకే మందము. కదిరి సీమలోని కటారుపల్లెలో సమాధి గల కవి పేరునకు ఆ నిరాడంబరత తగినది. పాఠమునకు అది సుఖము, శుభలేఖపై బోసి. సిలికానాంధ్ర విడుదల చేసిన 'శ్రీ కృష్ణదేవరాయ' ఫాంటు శీర్షికలకు నిండుగా నుండును. దాని అనుమతిపత్రము మార్పులను సైతము అంగీకరించును. అమ్మకపు ఫాంట్లలో పెక్కింటికి ఆ స్వేచ్ఛ లేదు. ఇన్‌డిజైనులో వరల్డ్ రెడీ కంపోజరును ఎన్నుకొననిచో మాత్రము, ఎంత మంచి ఫాంటులోనైనను ఒత్తులు విడిపోయి వరుసగా నిలుచును.