దిద్దుకునే చదువు

మైలవరంలో మా ఒకటో తరగతి గదిలో ఓ మూల ఇసుక పోసిన పళ్లెం ఉంటుంది. మొన్న ‘ష’ రాయమంటే ఓ పిల్లాడు ‘ప’ రాశాడు. పక్కనున్న అమ్మాయి వాడి వేలు పట్టుకుని, “ష కావాలంటే పొట్ట చీల్చాలిరా” అంటూ అడ్డగీత గీయించింది. వాడు అరచేత్తో చెరిపేసి మళ్లీ రాశాడు. నేను నోరు విప్పాల్సిన పనే పడలేదు.

ఈ పద్ధతి నాది కాదు, మన వీధిబడులది. పంతులుగారు ఇసుకలో అక్షరం రాస్తే, పిల్లవాడు దాని మీదే వేలు తిప్పుతూ, పైకి పలుకుతూ దిద్దేవాడు. ‘దిద్దడం’ అనే మాటలోనే కిటుకంతా ఉంది. రాతను అనుసరించడమూ దిద్దడమే, తప్పు సరిచేసుకోవడమూ దిద్దడమే. కన్ను, నోరు, వేలు మూడూ ఒకేసారి పనిచేస్తాయి. కాగితం మీద ఎర్రసిరా చుట్టిన తప్పు ఏడాదంతా కనబడుతుంది. ఇసుకలో తప్పు మరుక్షణం ఉండదు. అందుకే పిల్లలు భయపడకుండా పదిసార్లు రాస్తారు.

రెండో కిటుకు, పిల్లల చేత పిల్లలకు చెప్పించడం. ఎక్కాలు ఒకరు చెబితే మిగతావాళ్లు అందుకుంటారు. చెప్పేవాడికి పాఠం మరింత గట్టిపడుతుంది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఓ దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ముచ్చటపడ్డాడు. తన దగ్గరి ఉపాధ్యాయులు కుదరదంటే, ఎనిమిదేళ్ల కుర్రాడికి చిన్న తరగతి అప్పగించాడు. 1797లో ఆ అనుభవాన్ని లండన్‌లో అచ్చువేశాడు. తర్వాత ‘మద్రాసు పద్ధతి’ పేరుతో బ్రిటన్‌లో బడులు వెలిశాయి.

వీధిబడిలో అంతా మంచే ఉండేదని నేననను. బెత్తం ఉండేది, అర్థం తెలియని వల్లెవేత ఉండేది. చాలా కులాల పిల్లలకు గడప దాటే వీలుండేది కాదు. 1822లో గవర్నర్ థామస్ మన్రో మద్రాసు రాజధాని అంతటా లెక్కలు తీయిస్తే 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. వారిలో ఆడపిల్లలు 4,540 మందే.

అర్థం లేని వల్లెవేతకు విరుగుడు గిడుగు రామమూర్తి పంతులుగారు చూపించారు. పర్లాకిమిడి ప్రాంతంలో సవర గిరిజన పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట బడిలోనూ వినబడితేనే నోరు తెరుస్తాడు. నోరు తెరిచిన పిల్లవాడికే చదువు వస్తుంది. పాతికమంది పిల్లల మధ్య రోజూ నేను చూస్తున్నది ఇదే.

తల్లిదండ్రులకు నాదొక మనవి. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి రాయించి, ఫొటో తీసుకుని, మర్నాడే పెన్సిలు చేతికివ్వకండి. అదే పళ్లెంలో కాస్త ఇసుక పోసి ఇంట్లో ఓ ఆర్నెల్లు ఉంచండి. పక్కింటి పిల్లనూ పిలవండి. వాళ్లను దిద్దుకోనివ్వండి.