మూడోసారి చూడటం

ఆ కుర్రాడికి వెంటిలేటర్ తీసింది పదకొండో రోజున. లారీ గుద్దిన బైక్ కేసు. తలలో రక్తస్రావం, పగిలిన ప్లీహం. రాత్రికి రాత్రే రెండు ఆపరేషన్లు. బతికి బయటపడ్డాడని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. వాళ్లమ్మ మాత్రం ఐసీయూ తలుపు దగ్గర నన్ను ఆపి, "డాక్టరుగారూ, మావాడు కుడిచేత్తో గ్లాసు పట్టుకోలేకపోతున్నాడండీ. తల దెబ్బ వల్లేనంటారా?" అని అడిగింది.

అవుననబోయి ఆగాను. వెళ్లి అతని మణికట్టు పట్టుకున్నాను. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కగానే విలవిల్లాడాడు. స్కాఫాయిడ్ ఎముక విరిగింది. పదకొండు రోజులూ ఆ చేతి పక్కనే నిలబడి రౌండ్స్ చేశాను నేను.

జీడిపప్పంత చిన్న ఎముక అది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి పారుతుంది. నడిమికి విరిగితే మోచేతి వైపు ముక్క రక్తం అందక చచ్చుబడిపోవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో పగులు కనపడకపోవడమూ మామూలే.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు శ్వాస, రక్తస్రావం చూస్తాం. అది సరైన వరుసే. ఆ వరుస నేర్పే ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) శిక్షణకు మూలం ఒక తండ్రి ఆవేదన. 1976లో నెబ్రాస్కాలో సొంత విమానం కూలి జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు భార్య చనిపోయింది. గాయపడ్డ తన పిల్లలకు దక్కిన వైద్యం చూసి ఆయన తల్లడిల్లిపోయాడు. రెండేళ్లకు మొదటి తరగతి జరిగింది. ప్రాణం నిలిపాక తల నుంచి పాదాల దాకా చూడమంటుంది ఆ శిక్షణ. కానీ రోగిని థియేటర్‌కి పరుగున తీసుకెళ్తే ఆ పరీక్ష సగంలో ఆగిపోతుంది. తర్వాత మత్తులో ఉన్న మనిషి నొప్పని చెప్పలేడు. డ్యూటీలు మారతాయి. కేస్‌షీటులో రాయని దెబ్బ ఒంట్లో లేనట్టే చెల్లిపోతుంది.

అందుకే, ఆ రెండింటి తర్వాత ఒళ్లంతా మళ్లీ చూసే మూడో పరీక్ష. 1990లో అమెరికాలో ఎండర్సన్ బృందం అలా మళ్లీ చూస్తే, అంతకుముందు రికార్డుల్లో 2 శాతం రోగుల్లోనే ఉన్న తప్పిన గాయాలు 9 శాతం మందిలో తేలాయి. ఇప్పుడు నేను మొదటి 24 గంటల్లో ఒకసారి, మెలకువ వచ్చాక మరోసారి ప్రతి కీలూ కదిపి చూస్తాను. పాత ఎక్స్‌రేలు మళ్లీ తెరుస్తాను.

సిస్టర్ల మాట వింటాను. ఒంటిని పూర్తిగా చూసేది వాళ్లే. ఆమధ్య స్పాంజింగ్ చేస్తూ ఒక సిస్టర్, "సార్, అరికాలు నల్లగా కమిలింది" అంది. ఎక్స్‌రే తీస్తే పాదం మధ్య కీళ్లు జరిగి ఉన్నాయి. ఆమె చెప్పకపోతే, నడిపించిన రోజున గానీ మాకు తెలిసేది కాదు.

మీ మనిషి ఐసీయూలో ఉంటే, అతని ఒంట్లో మీకు కొత్తగా తోచిన ప్రతిదీ మాకు చెప్పండి. మేం తొందరలో ఉన్నా ఆపి చెప్పండి.