కుస్తీ చూడటం నేర్చుకుందాం

2023లో హైదరాబాద్ రెండు పెద్ద కుస్తీ వేడుకలకు వేదికైంది. జనవరిలో హింద్ కేసరి పోటీలు జరిగాయి. ఫైనల్లో పుణె పహిల్వాన్ అభిజీత్ కట్కే హరియాణాకు చెందిన సోమ్‌వీర్‌ను ఓడించి బిరుదు పట్టుకెళ్లాడు. సెప్టెంబర్ 8న గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల ‘సూపర్‌స్టార్ స్పెక్టాకిల్’ జరిగింది. జాన్ సీనా మన దేశంలో తొలిసారి కుస్తీకి దిగింది ఆ రాత్రే. సెప్టెంబర్‌లో ఆ వారమంతా మా కాప్రా సందుల్లో పిల్లల నోట సీనా పేరే. ముఖానికి అట్టముసుగులు కట్టుకుని ఇసుక కుప్పల మీద నుంచి ఒకరి మీద ఒకరు దూకారు. జనవరిలో కట్కే పేరు మాత్రం ఎవరూ ఎత్తగా నేను వినలేదు. హింద్ కేసరి నిన్నమొన్నటి పోటీ కాదు, 1958 నుంచి ఉంది. దేశీ కుస్తీలో ఒక పహిల్వాన్ కలగనే పెద్ద బిరుదుల్లో అదొకటి.

పిల్లల తప్పేం లేదు. టీవీ కుస్తీని ఎలా చూడాలో టీవీయే నేర్పింది. మన కుస్తీని ఎలా చూడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసం ఆ పని కోసమే.

పిల్లలు కట్టుకున్న ఆ ముసుగు మెక్సికో నుంచి వచ్చింది. అక్కడి కుస్తీని లూచా లిబ్రే అంటారు. 1933లో సాల్వడార్ లుత్తెరోత్ అనే నిర్వాహకుడు ఒక సంస్థ పెట్టి దాన్ని దేశమంతటి వినోదంగా మార్చాడు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. 1994లో అది అంతర్జాతీయ గ్రాండ్ ప్రీ పెట్టి, విదేశీ మల్లులను పిలిచి తమవాళ్లతో తలపడనిచ్చింది. ఆ మొదటి పోటీలో రాయో దె హలిస్కో జూనియర్ అనే ముసుగు వీరుడు గెలిచాడు. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట అది. అయినా అక్కడి జనం ఆ విషయం తెలిసే, పట్టు అందంగా పడిందా, గెంతు సరైన క్షణంలో పడిందా అని చూస్తారు. ఎల్ సాంతో అనే వీరుడు సినిమా హీరో అయ్యాడు, 1984లో చనిపోతే వెండి ముసుగుతోనే సమాధి చేశారు. 2018లో మెక్సికో నగరం లూచా లిబ్రేను తన సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. వాళ్ల దగ్గర నేను మెచ్చుకునేది ఇదే: ప్రేక్షకుడికి ఆట తెలుసు.

మన కుస్తీలో ఫలితం ముందే తేలదు. అందుకే చూడటం కష్టం. పది నిమిషాలు ఏమీ జరగనట్టు అనిపించి, కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతోందో తెలిస్తే కన్ను మూయబుద్ధి కాదు.

మట్టితో మొదలుపెడదాం. గోదాలో ఉండేది మామూలు మట్టి కాదు. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, రాళ్లూ పెంకులూ ఏరేసి, పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం కలుపుతారు. రోజూ పారతో తవ్వి తిరగేస్తారు. తాలీంలో, అంటే కుస్తీ శిక్షణశాలలో, కొత్తగా చేరిన కుర్రాడి చేతికి ఉస్తాద్ ముందు ఇచ్చేది పారే. నడుమూ భుజాలూ అక్కడే గట్టిపడతాయి. బరిలోకి దిగేవాడు వంగి మట్టిని తాకి నుదుటికి అద్దుకుంటాడు. ఒకరు ఆంజనేయస్వామిని తలుచుకుంటారు, ఇంకొకరు యా అలీ అంటారు. తర్వాత పిడికెడు మట్టి తన ఒంటికి రాసుకుని, ఇంకో పిడికెడు ఎదుటివాడి భుజాల మీద చల్లుతాడు. చూసేవాళ్లకు అదొక ఆచారం. దాని వెనక పని ఉంది. చెమట ఒంటి మీద చెయ్యి జారుతుంది, మట్టి ఉంటే పట్టు నిలుస్తుంది. తనను పట్టుకునే వీలు ప్రత్యర్థికి తానే కల్పిస్తున్నాడన్నమాట. ఇంత మర్యాద గల ఆరంభం నాకు తెలిసి మరే పోటీలోనూ లేదు.

గెలుపు సూత్రం ఒక్కటే. ఎదుటివాడి రెండు భుజాలూ నేలకు తగలాలి. దాన్నే చిత్ అంటారు. సంప్రదాయ దంగల్‌లో పాయింట్లు లేవు, గంటకొట్టి ఆపేది లేదు. బోర్లా పడితే ఓటమి కాదు, మోకాళ్ల మీద పడితే ఓటమి కాదు. ఈ ఒక్క నియమం నుంచే ఆటంతా పుడుతుంది.

ఇద్దరూ తలకు తల ఆనించి నిలబడతారు. ఒక చెయ్యి ఎదుటివాడి మెడ వెనక ఉంటుంది, రెండోది ముంజేతిని అదుముతూ ఉంటుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేతులు చూస్తారు. మీరు కాళ్లు చూడండి. బరువు ఏ కాలి మీద ఉందో, ఏ క్షణంలో మారుతోందో అదే కుస్తీ. మెడ పట్టి కిందికి లాగితే ఎవడైనా వెనక్కి బిగుస్తాడు. లాగినవాడికి కావలసింది ఆ బిగింపే. అవతలివాడు తల పైకెత్తి నిటారుగా అయిన అరక్షణంలో వీడు కిందికి దూరిపోతాడు. లాగింది పడేయడానికి కాదు, లేపడానికి. ఈ చిన్న మోసం ఒకసారి కంటపడితే ఆ తర్వాత ప్రతి కుస్తీలోనూ కనిపిస్తుంది.

పట్లలో పేరుమోసింది ధోబీపాట్. ఎదుటివాడి చెయ్యి రెండు చేతులా ఒడిసిపట్టి, గిరుక్కున తిరిగి వాడికి వీపు చూపించి, నడుం వంచి భుజం మీదుగా ముందుకు విసరడం. బండ మీద బట్ట ఉతికే వాటమే. పడినవాడు నేరుగా వెల్లకిలా పడతాడు కాబట్టి ఒక్క దెబ్బతో కుస్తీ ముగుస్తుంది. అందుకే జనం దీనికి లేచి నిలబడతారు. కానీ దీనంత ప్రమాదమైన పట్టు కూడా లేదు. తిరిగేటప్పుడు వీపు అప్పగిస్తున్నాం. నడుం సరిగా కిందికి దిగకపోయినా, చెయ్యి కాస్త జారినా, అవతలివాడు వెనక నుంచి నడుం చుట్టేసి మట్టి కరిపిస్తాడు. మంచి పహిల్వాన్ ధోబీపాట్‌ను మూడుసార్లు బెదిరించి నాలుగోసారి వేస్తాడు.

కలాజంగ్ ఇంకో రకం. ఎదుటివాడి చెయ్యి కింద నుంచి తల దూర్చి, ఒక చేత్తో వాడి తొడ లోపలి వైపు పట్టుకుని, మనిషిని మనిషినే రెండు భుజాల మీద అడ్డంగా ఎత్తి పక్కకు దించడం. బలం కన్నా మోకాళ్లు వంచడంలో నేర్పు ఉండాలి. దీనికి విరుగుడు కాళ్లు రెండూ వెనక్కి విసిరి, ఒంటి బరువంతా దూరినవాడి మెడ మీద వేయడం. ఢాక్‌లో మెడనో చేతినో చంకలో బిగించి, తుంటి అడ్డం పెట్టి తిప్పి వేస్తారు. బగల్‌డూబ్‌లో చంక కింద మునిగి వెనక తేలతారు. బక్కపలుచని పహిల్వాన్లకు ప్రాణం లాంటి పట్టు అది. ఇలా పేర్లు చెబుతూ పోతే చాలా ఉన్నాయి. ఉస్తాద్‌లు ఒక్కో పట్టుకూ దాని కాట్, అంటే విరుగుడు, ఆ కాట్‌కు మళ్లీ కాట్ నేర్పుతారు. ఎత్తుకు పైఎత్తు అనేది ఇక్కడ చేతుల్లో కనిపిస్తుంది.

కింద పడ్డాక జరిగేదే చాలామందికి విసుగు. ఒకడు బోర్లా పడుకుని నేలను కరుచుకుంటాడు, రెండోవాడు వీపు మీద కూర్చుని తిప్పడానికి అవస్థ పడతాడు. 1910 సెప్టెంబర్‌లో లండన్‌లో గామా పహిల్వాన్‌తో తలపడిన స్టానిస్లాస్ జ్బిష్కో చేసింది అదే. భుజాలు నేలకు తగలకుండా ఎక్కువసేపు బోర్లాగానే ఉండి రెండున్నర గంటలకు పైగా లాగాడు. ఆ కుస్తీ తేలలేదు. వారం తర్వాత మళ్లీ జరగాల్సిన పోటీకి జ్బిష్కో రాకపోవడంతో గామాకు జాన్‌బుల్ బెల్ట్ దక్కింది. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈసారి గామా ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. నిలబడి ఉండగానే పని ముగించాడు. జ్బిష్కో నేలను అంటుకుంటే ఏమవుతుందో గామా పద్దెనిమిదేళ్ల కిందటే నేర్చుకున్నాడు మరి.

ఇంత పని చేసే ఒళ్లు ఊరికే రాదు. చీకటితో లేచి దండీలు, బస్కీలు వందల్లో తీస్తారు. గద తిప్పుతారు, ముగ్దర్లు తిప్పుతారు. పాలు, నెయ్యి, బాదం తింటారు. మెడకు ప్రత్యేకంగా సాధన ఉంటుంది, ఎందుకంటే వెల్లకిలా పడబోయే క్షణంలో భుజాలను నేల నుంచి వేలెడు ఎత్తున ఆపేది మెడే. పాత పహిల్వాన్ ఎదురైతే చెవులు చూడండి. ఏళ్ల తరబడి తలకు తల రాపిడై నలిగి, ముడుచుకుపోయి, గట్టిపడి ఉంటాయి. ఆ చెవి ఏ సర్టిఫికెట్‌కూ తీసిపోదు.

ఈ సాధన మన నేలకు కొత్త కాదు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మల్లవినోదం అని ఒక భాగమే రాశాడు. మల్లులను తరగతులుగా విడదీసి, వాళ్ల తిండి, కసరత్తు ఎలా ఉండాలో చెప్పాడు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయెస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికీ పట్టించి, బరువులెత్తి, ఆ నూనె చెమటతో బయటికొచ్చేదాకా కత్తిసాము చేసి, ఆపైన తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడు. తర్వాతే గుర్రం. రాయల కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లు ఉన్నారని కూడా పయెస్ రాశాడు. ఆడపిల్లకు కుస్తీ ఏమిటని అడిగేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

తర్వాతి కాలంలో కోస్తా వైపు కోడి రామ్మూర్తినాయుడు పుట్టాడు. వీరఘట్టం ఆయన ఊరు. విజయనగరంలో వ్యాయామం నేర్చి, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టి, కలియుగ భీముడనిపించుకున్నాడు. 1942లో పోయాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఇటు హైదరాబాద్ పాతబస్తీలో, నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బస్తీగా మొదలైన బార్కస్‌లో తాలీంలు తరాల తరబడి పహిల్వాన్లను తయారుచేశాయి. హిందూ ముస్లిం తేడా లేకుండా ఒకే మట్టిలో దొర్లిన చోట్లు అవి. ఆ ఒక్క కారణానికైనా వాటిని ఈ నగరం కాపాడుకోవాలని నేను నమ్ముతాను.

మట్టి కుస్తీ కాలం చెల్లింది, ఒలింపిక్స్‌కు మ్యాట్ కావాలి కదా అంటారు. మ్యాట్ కావాలి, నిజమే. మ్యాట్ మీద ఆట వేగం, పాయింట్లు, గడియారం. మట్టిలో అలవాటైన నిదానం అక్కడ నష్టం చేస్తుంది. అయితే స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం 1952లో హెల్సింకిలో తెచ్చిన ఖాశాబా జాధవ్ మట్టి గోదాల నాడైన కొల్హాపూర్ సీమలో కుస్తీ నేర్చినవాడే. మెత్తటి మట్టిలో కాలు దిగబడుతుంటే నిలదొక్కుకోవడం నేర్చినవాడి కాళ్లకు మ్యాట్ మీద ఆ బలం ఉట్టినే పోదు. రెండూ ఉండాలి. ఊళ్లో మట్టి, జిల్లా కేంద్రంలో మ్యాట్. పేదింటి పిల్లవాడికి మొదటి మెట్టు మట్టే, ఎందుకంటే అది ఊళ్లోనే దొరుకుతుంది, లంగోటి తప్ప కొనాల్సింది ఏమీ లేదు.

అసలైన ప్రేక్షకులు ఇంకా మిగిలింది ఉత్తర తెలంగాణలో. బోధన్, మద్నూర్, జుక్కల్ వైపు జాతరలకు కుస్తీ లేకపోతే జాతర అయినట్టు కాదు. హోలీ రోజు బోధన్ దగ్గర హున్సాలో పిడిగుద్దులాటకు ముందు కుస్తీలే. సరిహద్దు దాటి నాందేడ్, దెగ్లూర్, బీదర్ నుంచి పహిల్వాన్లు వస్తారు. డప్పు మోగుతుంటే జనం గుండ్రంగా కూర్చుంటారు. ఊరిపెద్దలు ఒడ్డూ పొడుగూ చూసి జోడీ కుదురుస్తారు. తూకపు యంత్రం ఉండదు, కంటి చూపే. మొదట చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీ. గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత పది, యాభై, వంద అని పందెం పెరుగుతూ పోయి, చివరి కుస్తీకి వెండి కడియం. సాయంత్రం ఎండలో ఆ కడియం చేతికి తొడిగించుకుని బరి చుట్టూ తిరిగే కుర్రాడి ఒంటి మీద మట్టి ఇంకా రాలుతూనే ఉంటుంది.

జాతర కమిటీలకు ఒక విన్నపం. డీజే పెట్టెలకు పోసే డబ్బులో కొంత గోదా మట్టికి, దెబ్బ తగిలితే చూసే డాక్టరుకు, ఆడపిల్లల జోడీలకు కేటాయించండి. నగరంలో ఉండేవాళ్లకు మరో మాట. కాప్రా నుంచి బోధన్ నాలుగైదు గంటల ప్రయాణం. ఈ హోలీకి పిల్లలను తీసుకుని వెళ్లండి. కడియం కుస్తీ వేళకు కాకుండా కొబ్బరికాయ కుస్తీ వేళకే చేరుకోండి, పిల్లల కుస్తీలో పట్లు నిదానంగా పడతాయి కాబట్టి ఇప్పటిదాకా చెప్పినవన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కాళ్లు చూడండి. ఆట నచ్చితే గెలిచినవాడి చేతిలో వందో రెండొందలో పెట్టండి. బాగా పోరాడి ఓడినవాడికీ ఇవ్వండి.