అడవి నుండి తిరిగి వచ్చిన స్త్రీలు: ‘ఎల్లోజాకెట్స్’, ‘మనకు తెలియని మన చరిత్ర’ – తులనాత్మక పరిశీలన

అమెరికాలోని షోటైమ్ ఛానెల్‌లో 2021 నవంబరులో ప్రారంభమైన ‘ఎల్లోజాకెట్స్’ ధారావాహికను ఆష్లీ లైల్, బార్ట్ నికర్సన్ రూపొందించారు. 1996లో న్యూజెర్సీకి చెందిన ఒక పాఠశాల బాలికల ఫుట్‌బాల్ జట్టు ప్రయాణిస్తున్న విమానం కెనడా అడవుల్లో కూలిపోతుంది. పత్తొమ్మిది నెలలపాటు అక్కడ చిక్కుకున్నవారు ఆకలికి తాళలేక తోటివారి మాంసం తినే స్థితికి చేరుకుంటారు. పాతికేళ్ల తరువాత నడివయసుకు వచ్చిన ఆ స్త్రీల జీవితం కూడా సమాంతరంగా నడుస్తుంది. అడవిలో జీవించి తిరిగి వచ్చిన స్త్రీల కథనాలు నల్లగొండ ప్రాంతానికి కొత్తవి కావు. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది. ఈ రెండింటిలో అడవి, మౌనం అనే అంశాలు ఎలా రూపొందాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఒకటి కల్పన, మరొకటి సాక్ష్యం. కనుక ఈ పోలిక సంఘటనలకు కాక, కథన పద్ధతికి పరిమితం.

మొదటిది అడవి. ‘ఎల్లోజాకెట్స్’లోని అడవి నిర్జనం. మనుషులు లేని ఆ చోట లాటీ అనే పాత్ర ప్రభావంతో, అడవి తమ నుండి ఏదో కోరుతోందన్న నమ్మకం ఆ పిల్లల్లో బలపడుతుంది. భయానకం అక్కడినుండే పుడుతుంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత మైదానాలు వదిలిన దళాలు చేరుకున్న అడవులు ఇటువంటివి కావు. మహబూబ్‌నగర్ వైపు నల్లమలలో చెంచుపెంటలున్నాయి. గోదావరి తీరాన కోయగూడేలున్నాయి. 1931లో కరివిరాల కొత్తగూడెంలో పుట్టి, చిన్నవయసులోనే పోరాటంలో చేరిన మల్లు స్వరాజ్యం, గోదావరి అడవుల్లో కోయల మధ్య ‘రాజక్క’గా పనిచేశారు. ఇక్కడ అడవి కూడా ఒక సమాజమే. అక్కడి ప్రమాదం అతీతశక్తుల వల్ల కాదు, వెంటాడే సైన్యం వల్ల కలిగింది.

రెండవది మాతృత్వం. రెండవ సీజన్‌లో (2023) షానా అడవిలో ప్రసవిస్తుంది. బిడ్డ బతికినట్లు ఆమె కల కంటుంది. ప్రేక్షకులు కూడా కొంతసేపు దానినే నిజమనుకుంటారు. ఆ శిశువు దక్కలేదని తరువాత తెలుస్తుంది. దుఃఖాన్ని ఇలా మలుపుగా మార్చడం ఈ ప్రక్రియకున్న బలమూ, పరిమితీ. ‘మనకు తెలియని మన చరిత్ర’లో కమలమ్మ దళంలో ఉండగా కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన సంగతి చెబుతుంది. ఇందులో మలుపు లేదు. ఉద్యమ నిర్ణయం, తల్లి వేదన పక్కపక్కనే ఉంటాయి. ఏది సరైనదో తేల్చే భారం శ్రోత మీద పడుతుంది.

మూడవది తిరిగిరాక. ధారావాహికలోని స్త్రీల మౌనం ఒక ఒప్పందం. నోరు విప్పితే నేరం బయటపడుతుంది. అందుకే కథ అంతా దాచడం, బెదిరించడం చుట్టూ తిరుగుతుంది. తెలంగాణ స్త్రీల మౌనానికి కారణం వేరు. 1951 అక్టోబరులో పోరాట విరమణ తరువాత వారిలో చాలామందికి ఇంటికి వెళ్లడమే మిగిలింది. తుపాకి పట్టిన చేతులు మళ్లీ వంటింటి పనిలో పడ్డాయి. మల్లు స్వరాజ్యం 1978, 1983లలో తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు గనుక ఆమె గొంతు ప్రజల్లో నిలిచింది. అందరికీ ఆ అవకాశం దక్కలేదు. వారి మాటలను ఒకచోట చేర్చి పుస్తకంగా తేవడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది.

విపత్తు ముగిసిన తరువాత కూడా మనిషిలో అది కొనసాగుతుందని చూపడం ‘ఎల్లోజాకెట్స్’ సాధించిన విజయం. ఆడపిల్లలు సహజంగా సౌమ్యులన్న అభిప్రాయాన్ని అది గట్టిగానే తోసిపుచ్చింది. అయితే అది మౌనాన్ని కేవలం రహస్యంగానే చూసింది. చెప్పడానికి మనిషి సిద్ధంగా ఉన్నా వినేవారు లేకపోవడం మరొక రకం మౌనం. పోరాట సాహిత్యాన్ని ఇంతవరకు ప్రధానంగా రాజకీయ చరిత్రగానే చదివాం. అడవిలో ఏం జరిగిందన్న ప్రశ్నతో పాటు, ఇంటికి వచ్చాక ఏమైందన్న ప్రశ్నను కూడా మన పరిశోధన ఆ కథనాల ముందు ఉంచాలి.