మిద్దె మీది పచ్చని పందిరి

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పిన ఎండ హైదరాబాద్ మిద్దెల మీద నిట్టనిలువునా దిగుతోంది. ఆ ఎండకు ఎదురొడ్డి నాలుగు ఇనుప పైపుల మీద నిలబడ్డ షేడ్ నెట్ పందిరీ, నీకు నమస్కారం!

చలి దేశాల్లో గాజు ఇల్లు కట్టేది వెచ్చదనాన్ని పట్టి ఉంచడానికి. మన ఊళ్లలో వేడికి కొదవేముంది? గాలి ఆడాలి, వెలుగు అందాలి, మంట మాత్రం తగ్గాలి. అందుకే 50 శాతం నెట్ కావాలని కొట్లో అడిగి మరీ తెచ్చుకుంటాం. సగం ఎండను నీ ఒంటి మీదే ఆపుకొని, మిగతా సగాన్ని పిండిలా జల్లించి ఆకుల మీదికి వదులుతావు.

నీ నీడన పని తెల్లారకముందే మొదలవుతుంది. పొద్దు పిట్టగోడ దాటేలోగా నీళ్లు పట్టేయాలి. సాయంత్రమైతే పైపులో నిలిచిన నీళ్లు సలసలమంటుంటాయి. వాటిని ముందు బకెట్లోకి వదిలి, చల్లని ధార వచ్చాకే కుండీ వైపు తిప్పాలి. వేలు రెండు కణుపుల లోతు దించితే మట్టి తన దాహం తానే చెబుతుంది. మధ్యాహ్నం తల వాల్చిన వంగను చూసి కంగారు పడనక్కర్లేదు, చల్లపొద్దుకు అదే లేస్తుంది. తెల్లవారినా వాలే ఉందంటే మాత్రం నీళ్ల సంగతి చూడాల్సిందే.

మట్టికి దుప్పటైన ఎండుటాకులారా, కొబ్బరి పీచూ, మీకు దండం. కాలిన శ్లాబు సెగ వేళ్లకు తగలకుండా కుండీలను ఎత్తి పట్టుకున్న ఇటుకలారా, మీకూ దండం.

ఇక బెండాకు తిప్పి చూడండి. పైన దుమ్ములా కనిపించే తెల్లచుక్కలు, అడుగున సన్నని సాలెగూడు, అందులో సూదిమొన కంటే చిన్నగా కదిలే ఎర్రనల్లి. పొడి వేడి దానికి పండగ. ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మితే సగం పీడ పోతుంది. మిగిలిన దానికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త కుంకుడు రసం. ఎండ తగ్గాకే కొట్టాలి, లేకపోతే నల్లికి ముందు ఆకే మాడుతుంది.

పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పూత పిందె కట్టకుండానే రాలుతుంది. దాన్ని తిట్టకండి, ఎరువు కుమ్మరించకండి. సొమ్మసిల్లిన వేరుకు కావలసింది తడీ నీడే. ఎండకు జంకని గోంగూరకు జేజేలు, తీగసాగే బచ్చలికి జేజేలు, ఎంత కాగితే అంత పూసే మల్లెకు జేజేలు! గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, బీర పువ్వు సాయంత్రం. నెట్ కిందికి తేనెటీగ రాకపోతే మగపువ్వు కోసి ఆడపువ్వుకు తాకించండి, ఆ పూటకు తేనెటీగ మీరే.

ఈ నెలలో బుట్ట నిండదు. వంగ, మిరప, కరివేప వేరు సజీవంగా తొలకరిని చేరితే అదే పంట. వేసవి చివర తోటమాలి గొప్పతనం కోసిన కాయల్లో లేదు, కాచుకున్న మొక్కల్లో ఉంది.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. బీర, సొర, కాకర గింజలు సిద్ధం చేసుకోండి. మబ్బులు కమ్మి వానలు కుదురుకున్నాక మాత్రం ఈ నెట్‌ను మొహమాటపడకుండా చుట్టి పక్కన పెట్టండి. మసక వెలుతురులోనూ సగం కోత పెడితే మొక్కలు బలం లేకుండా సన్నగా సాగిపోతాయి.