వంత పాడేవాళ్ళ సినిమా

"అమేజింగ్ గ్రేస్" సినిమా పేరెత్తగానే "అరెతా ఫ్రాంక్లిన్ కచేరీ కదా" అంటారు. నిజమే, పోస్టరు మీద ఉన్నది ఆవిడే. కానీ గంటన్నర కూడా లేని ఆ సినిమాని మూడోసారి చూశాక నాకు గట్టిగా అనిపించింది: అది ఆవిడ వెనక కూర్చున్న క్వయర్ సినిమా. ఆ "వెనక" అన్న మాటతోనే నా పేచీ.

ముందు సినిమా సంగతి. 1972 జనవరి 13, 14 తేదీల్లో, లాస్ ఏంజెలెస్ లోని వాట్స్ ప్రాంతంలో, న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు పాడి రికార్డు చేశారు. ఆల్బమ్ ఆ ఏడే వచ్చి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. సినిమా మాత్రం డబ్బాల్లో ఉండిపోయింది. దర్శకుడు సిడ్నీ పోలక్ క్లాప్ బోర్డు వాడకుండా తీశాడు. దాంతో బొమ్మకీ శబ్దానికీ జత కలవలేదు. (టైమ్‌స్టాంపుల్లేని లాగ్ ఫైళ్ళు చేతికిచ్చి సరిపోల్చమంటే ఎలా ఉంటుందో మా వృత్తివాళ్ళకి చెప్పక్కర్లేదు!) డిజిటల్ పద్ధతులు వచ్చాక ఆలన్ ఎలియట్ అనే నిర్మాత ఆ జత కుదిర్చాడు. ఈసారి అరెతాయే కోర్టుకెళ్ళి ఆపించింది. 2018 ఆగస్టులో ఆవిడ పోయాక, కుటుంబం ఒప్పుకుని, నవంబరులో జనం ముందుకొచ్చింది.

సినిమాకి పేరిచ్చిన పాట దగ్గర చూడండి. ఆవిడ ఒక్కొక్క మాటనీ సాగదీసి, విరిచి, మళ్ళీ కలుపుతూ పాడుతూంటుంది. క్వయర్ కూర్చునే ఉంటుంది. ఉండబట్టలేక ఒకరు లేస్తారు. ఇంకొకరు చెయ్యెత్తి ఏదో అంటారు. ఆ కేకే ఆవిడని తరవాతి మాటలోకి తోస్తుంది. కచేరీ నడిపిస్తున్న జేమ్స్ క్లీవ్‌లండ్, ఆ క్వయర్ పెద్దదిక్కు, ముఖం కప్పుకుని ఏడ్చేస్తాడు. పాటని ఎవరు పాడుతున్నారంటే చెప్పడం కష్టం.

మన భాషలో "వంత పాడటం" తిట్టయిపోయింది. పైవాడేమన్నా తలూపేవాణ్ణి అలా అంటాం. బుర్రకథ చూసినవాళ్ళు ఈ అర్థాన్ని ఒప్పుకోకూడదు. అందులో వంతలు కథకుణ్ణి ప్రశ్నిస్తారు, హాస్యమాడతారు, సమకాలపు రాజకీయాల మీద చురకలేస్తారు. వాళ్ళు లేకపోతే కథ రెండడుగులు కూడా పడదు. గాస్పెల్ క్వయర్ చేసేదీ ఆ జాతి పనే.

నేనీ మాట కుర్చీలో కూర్చుని అనడం లేదు. ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన పిలిస్తే, వాళ్ళ చర్చి క్వయర్‌లో రెండేళ్ళు టెనర్ల వరసలో నిలబడ్డాను. అక్కడ సాధారణంగా మూడు గొంతులే: సొప్రానో, ఆల్టో, టెనర్. మాకు కాగితం ఇచ్చేవారు కాదు. క్వయర్ నడిపేవాళ్ళు ఒక్కొక్క వరసకీ దాని స్వరాలు పాడి వినిపిస్తే చెవితో పట్టుకోవాలి. ఒకే రాగం, ఒకే శ్రుతి అలవాటైన మన చెవికి ఇది వింత కష్టం. పక్కవాళ్ళు మరో స్వరం పాడుతూంటే మన స్వరం మీద మనం నిలబడాలి, వాళ్ళని వింటూనే! పాట చివర ఒకే చిన్న ముక్కని పదే పదే పాడిస్తారు. ఇక చాలనుకునేసరికి శ్రుతి అరమెట్టు పైకి జరుపుతారు. అప్పుడు మూడు వరసలూ కలిసి లేస్తే, నా గొంతు ఎక్కడ ఆగిందో, పక్కనున్న పెద్దాయనది ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ముప్ఫై ఏళ్ళుగా పాటలు వింటున్న నాకు ఆ సంతోషం విన్నప్పుడెప్పుడూ దొరకలేదు. మన పిల్లల్ని శనివారం శనివారం సంగీతం క్లాసులకి దింపి వస్తూంటాం కదా, పోటీలో ఎన్నో బహుమతి వచ్చిందో చెప్తాం గానీ, వాళ్ళకిది ఎప్పుడైనా దొరికిందా అని అడగం.

అలాగని దీన్ని కేరింతలుగా కొట్టిపారెయ్యకూడదు. గాస్పెల్ సంగీతానికి తండ్రిగా చెప్పుకునే థామస్ డార్సీ మొదట బ్లూస్ పియానో వాయించినవాడు. 1932లో పురిట్లో భార్య పోయింది, వెంటనే పుట్టిన కొడుకూ పోయాడు. ఆ దుఃఖంలో కట్టిన పాటే "ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్". బ్లూస్ వాసన చర్చిలోకి తెస్తున్నాడని పెద్దమనుషులు మొహం చిట్లించారు కూడా. ఆ పాటనే 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహలియా జాక్సన్ పాడింది. నాలుగేళ్ళ తర్వాత వాట్స్‌లో అరెతా దాన్ని ఒక కొత్త పాప్ పాటతో కలిపి పాడుతుంది, క్వయర్ ఆ రెంటినీ ఒకే పాటలా అందుకుంటుంది. అక్కడి సంతోషం ఏడుపు దాటి వచ్చింది కాదు, దాన్ని వెంటబెట్టుకునే వచ్చింది.

వాట్స్ అనగానే మన ఇళ్ళలో ఎలాంటి మాటలొస్తాయో నాకు తెలుసు. "ఆ ఏరియాకి వెళ్ళకండి," "వాళ్ళ జోలికి పోకండి." ఇల్లు కొనేటప్పుడు కూడా ఇవే లెక్కలు. వాట్స్ తగలబడింది 1965 ఆగస్టులో. మనలాంటి వాళ్ళకి ఈ దేశం తలుపు తీసిన వలస చట్టం మీద సంతకం పడింది అదే ఏడాది అక్టోబరులో. ఆ తలుపు తెరవడానికి నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం ఎంత ఊతమిచ్చిందో మన సంఘాల సావనీర్లలో నాకు ఎక్కువగా కనపడలేదు. ఆ ఉద్యమం నడిచింది ఇలాంటి చర్చిల్లోంచి, ఇలాంటి పాటలతోనే.

సినిమా మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. రెండో రాత్రి ప్రేక్షకుల్లో మిక్ జాగర్ ఉన్నాడు. కెమేరా అతని మీదికి పోయినప్పుడల్లా నాకు చిరాకు. అతన్నెక్కడైనా చూడొచ్చు. క్వయర్‌ని నడిపిస్తున్న అలెగ్జాండర్ హామిల్టన్‌ని చూపించవయ్యా బాబూ! ఆయన భుజాలు, వేళ్ళు, మోకాళ్ళు అన్నీ కలిసి వరసల్ని లేపుతాయి, కూర్చోబెడతాయి. ఈసారి మీరు చూసేటప్పుడు కాసేపు అరెతాని వదిలేసి, వెండిరంగు కోట్లు తొడుక్కున్న ఆ వరసల్ని చూడండి. తమ వంతు రాకముందే పెదవులు కదిపేవాళ్ళు కనిపిస్తారు.